సంధి పట్టిన జ్వరం

(బెంగళూరు తెలుగు యువజన కూడికలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

మాకు ఇచ్చిన అంశం ‘ఆరోగ్యం, న్యాయం’. అది చాలా పెద్దది. అందులోంచి ఒక్క జ్వరాన్ని మాత్రమే తీసుకుని మాట్లాడతాం. మేమిద్దరం వచ్చాం. ఒకరం ఆసుపత్రిలో నర్సు, ఒకరం మూటలు మోసేవాళ్ల మధ్య, చెత్త బండ్ల వాళ్ల మధ్య పనిచేస్తున్నాం. మైకు ఒకరి చేతిలోనే ఉన్నా ఇది ఇద్దరి మాట.

ముందుగా ఒక సాక్ష్యం. సాక్ష్యం అంటే ప్రభువు చేసిన మేలు చెప్పుకుంటాం. ఇందులో మేలు ఉంది. మా తప్పు కూడా ఉంది. రెండూ చెబుతాం.

మా ప్రార్థన కూటంలో ఒక అన్న ఉన్నాడు. తాతల కాలంలో కరువుకు అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నగరంలో ఒక ధాన్యం మండీలో హమాలీ. మూటకింత అని కూలి. ఇల్లు ఆ గోదాముల వెనక వరుసలోనే. రెండేళ్ల కిందట వానలు తగ్గే రోజుల్లో ఆయనకు జ్వరం పట్టుకుంది. జ్వరం కంటే తలనొప్పి గురించే ఎక్కువ చెప్పేవాడు. తల మీద మూట దించకుండా వదిలేసినట్టుంది అనేవాడు. వీధి చివర క్లినిక్‌లో రక్తం తీసి విడాల్ పరీక్ష చేశారు, ‘టైఫాయిడ్’ అన్నారు, ఐదు రోజులు ఇంజెక్షన్లు, సెలైన్ ఎక్కించారు. జ్వరం దిగలేదు.

ఎనిమిదో రోజు రాత్రి ఆయన భార్యను ‘అమ్మా’ అని పిలిచాడు. ఆమె నవ్వింది మొదట. తర్వాత మూటలు మీద పడుతున్నాయని కేకలు పెట్టి వీధిలోకి పరుగెత్తబోయాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎవరినీ గుర్తుపట్టడం లేదు. పక్కింటివాళ్లు గాలి సోకిందన్నారు. మాకు కబురొచ్చింది, వెళ్లాం. రెండు రాత్రులు ఉపవాసముండి ప్రార్థించాం. విడుదల పూర్తి కాకముందే ఆసుపత్రికి కదిలించవద్దని మాలోనే ఒకరం అన్నాం. ఎవరు అన్నారో ఇప్పుడు ముఖ్యం కాదు. మిగతావాళ్లం కాదనలేదు, అది ముఖ్యం. మూడో రోజు తెల్లవారుజామున ఆయనకు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు ఆటో కోసం పరుగెత్తాం.

ఆసుపత్రిలో స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు. వెన్ను నుంచి నీరు తీసి చూశారు. అందులో తెల్ల కణాలు పెరిగాయి. మెదడు పొరలకు వాపు వచ్చిందన్నారు. టీబీ వల్ల కావచ్చు, వైరస్ వల్ల కావచ్చు అన్నారు. మెనింజైటిస్‌కు మామూలుగా వాడే ఖరీదైన యాంటీబయోటిక్ ఎక్కించారు. మార్పు లేదు. రెండో రోజు రౌండ్‌కు వచ్చిన ఒక చిన్న వయసు డాక్టరు, మండ్య వైపు అబ్బాయి, వచ్చీరాని తెలుగులో ఆమెను అడిగాడు: “ఏం పని చేస్తాడమ్మా?” మండీలో మూటలు మోస్తాడని చెప్పింది. “అక్కడ ఎలుకలున్నాయా?” అన్నాడు. “ఎలుకలు లేనిదెక్కడ సార్, మేముండేదే వాటి ఇంట్లో” అంది.

ఆ డాక్టరు చొక్కా ఎత్తి, టార్చి వేసి, పొట్ట మీద, వీపు మీద చాలాసేపు వెతికాడు. నల్లటి ఒంటి మీద ఆ దద్దుర్లు అంత తేలిగ్గా కనబడవు. మాకైతే ఏమీ కనబడలేదు. రిపోర్టుల్లో ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నాయి, లివర్ లెక్కలు పెరిగి ఉన్నాయి. ఆ సాయంత్రమే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున జ్వరం దిగింది. మంచానికి కట్టిన చేతిని చూసి, “నన్నెందుకు కట్టేశారు?” అని అడిగాడు. టైఫస్ అని తేల్చిన రక్త పరీక్ష ఫలితం వచ్చేసరికి ఆయన లేచి కూర్చుని రాగిముద్ద అడుగుతున్నాడు.

డాక్సీసైక్లిన్ మాత్ర ఖరీదు కొద్ది రూపాయలు. అంతకు ముందు పద్నాలుగు రోజుల్లో ఆ కుటుంబం చేసిన అప్పు ఎంతో మేం చెప్పం, ఆమెకు ఇష్టం ఉండదు.

ఇక ఆ జ్వరం సంగతి. దాని పేరు మ్యూరైన్ టైఫస్. ఎలుకల టైఫస్ అనవచ్చు. టైఫాయిడ్‌తో దీనికి చుట్టరికం పేరులోనే గానీ రోగంలో లేదు. టైఫాయిడ్ అంటేనే ‘టైఫస్ లాంటిది’ అని అర్థం. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది. టైఫస్‌ను రికెట్సియా అనే అతి చిన్న సూక్ష్మజీవి తెస్తుంది. మన వీధి క్లినిక్కుల్లో విడాల్ పరీక్ష ఎంత తేలిగ్గా ‘పాజిటివ్’ అంటుందో మీలో చాలామందికి తెలుసు. ఆ మాట పడగానే ఇక ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు. పత్రికలవాళ్లు ‘విషజ్వరాలు’ అని రాస్తారు. అది ఏ విషమో రాయరు.

టైఫస్ అన్నది గ్రీకు మాట నుంచి వచ్చింది. పొగ, మసక అని అర్థం. రోగి మనసును పొగ కమ్మినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. మన ముసలమ్మలు కూడా ఈ లక్షణాన్ని గుర్తించారు. ‘జ్వరం ముదిరి సంధి పట్టింది’ అనేవారు, సన్నిపాత జ్వరం అనేవారు. మాట తడబడి, మనిషిని గుర్తుపట్టక, లేనివి చూస్తూ పలవరించడాన్ని వాళ్లు జ్వరం లెక్కలోనే వేశారు. చదువుకుని, బైబిలు పట్టుకుని తిరిగే మేం దాన్ని దయ్యం లెక్కలో వేశాం. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఎలుక ఒంటి మీద రెక్కల్లేని చిన్న పురుగు ఉంటుంది, రక్తం తాగుతుంది, గెంతుతుంది. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. ఫ్లీ మన కాలి మీద వాలి రక్తం తాగుతూ అక్కడే రెట్ట వేస్తుంది. జబ్బు ఆ రెట్టలో ఉంటుంది. దురద పుట్టి మనం గోకుతాం. గోకినచోట అది చర్మం లోపలికి పోతుంది. ఎండిన రెట్ట దుమ్ములో కలిసి ఊపిరితో లోపలికి పోవచ్చు కూడా. పాత గోనె సంచులు దులిపేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. లోపలికి పోయిన ఒకటి రెండు వారాలకు జ్వరం మొదలవుతుంది. అప్పటికి ఏ పురుగు కుట్టిందో ఎవరికి గుర్తుంటుంది?

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. బసవనగుడి, మల్లేశ్వరం లాంటి పేటలు ఆ ప్లేగు తర్వాత గాలి, వెలుతురు కోసం కట్టినవే. ప్లేగు కాలంలో మన పెద్దలకు ఒక గుర్తు ఉండేది. ఇంట్లో ఎలుకలు రాలిపడితే ఊరు ఖాళీ చెయ్యాలి. సమూయేలు మొదటి గ్రంథంలో ఫిలిష్తీయులు గడ్డల బొమ్మలతో పాటు ఎలుకల బొమ్మలు కూడా బంగారంతో చేసి పంపారని చదువుతాం. ఎలుకలకూ తెగులుకూ సంబంధం ఉందని మనుషులు ఎప్పుడో పసిగట్టారు. టైఫస్‌లో మాత్రం ఆ గుర్తు ఉండదు. ఎలుక చావదు, నీరసపడదు. దాని మీది ఫ్లీ కూడా చావదు, ఆ జబ్బును ఒంట్లో ఉంచుకునే బతుకుతుంది. అందరూ బాగానే ఉంటారు, మూట మోసే మనిషి తప్ప.

మెదడు దాకా ఎలా వెళుతుంది అని మీరడగవచ్చు. రికెట్సియా రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాల్లోకి దూరి అక్కడ పెరుగుతుంది. సన్నటి నాళాలు వాచి, కారడం మొదలుపెడతాయి. చర్మంలో అది జరిగితే దద్దుర్లు. ఊపిరితిత్తుల్లో అయితే దగ్గు, ఆయాసం. మెదడులో అయితే మొదట తీవ్రమైన తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మెడ పట్టేయడం. ముదిరితే మతి తప్పడం, ఫిట్స్, నడకలో తూలడం, చెవిలో హోరు, వినికిడి తగ్గడం, చూపు మసకబారడం, అరుదుగా ముఖం ఒకవైపు వంకరపోవడం. ఈ జ్వరం వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి తలనొప్పి దగ్గరే ఆగిపోతుంది. అసలు మందు లేకుండా కూడా చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. అందుకే దీన్ని ‘చిన్న జ్వరం’ అని పుస్తకాలు చాలాకాలం తేలిక చేశాయి. మెదడు మీదికి వెళ్లేది కొద్దిమందిలోనే, అదీ ఎక్కువగా రెండో వారంలో, సరైన మందు పడకుండా రోజులు గడిచిపోయినప్పుడు. ఆ కొద్దిమంది ఎవరో మీరే ఊహించండి. మొదటి రోజే పెద్ద డాక్టరు దగ్గరికి పోగలిగినవాళ్లు మాత్రం కారు.

పరీక్షల్లో ఒక మెలిక ఉంది. ఈ జ్వరానికి రక్తంలో వెతికేది ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలను. అవి మొదటి వారంలో సరిగా తయారే కావు. అంటే మందు బాగా పనిచేసే రోజుల్లో పరీక్ష ‘లేదు’ అంటుంది. ‘ఉంది’ అనేసరికి ఆలస్యమైపోవచ్చు. ఈ జ్వరాల గురించి 2015లో మన భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన మార్గదర్శకాలు అందుకే, అనుమానం ఉంటే ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమన్నాయి. ఇంకో మెలిక, మెనింజైటిస్ అనగానే ఎక్కించే మందులు మెనింజైటిస్‌కు మంచివే, రికెట్సియాకు మాత్రం పనిచేయవు. మందు ఎక్కుతోంది కదా అని ఇంటివాళ్లు ధైర్యంగా ఉంటారు. లోపల రోగం దాని దారిన అది పోతుంటుంది.

ఒక జాగ్రత్త. మేం మందు పేరు చెప్పాం కదా అని రేపు ఎవరూ మెడికల్ షాపులో కొని మింగవద్దు. గర్భిణులకు వేరే మందు ఆలోచిస్తారు. చిన్నపిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్లు రంగు మారతాయని పాత భయం ఉంది, కొద్ది రోజుల కోర్సుకు ఆ భయం అక్కర్లేదని ఇప్పుడు తేలింది. అయినా అది డాక్టరు తూచి చెప్పాల్సిన మాట. మీ పని డాక్టరుకు సరైన కబురు అందించడం.

కబురు అందక ఏం జరుగుతుందో ఒక పెద్ద ఉదాహరణ చెబుతాం. ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ ప్రాంతం. ఏటా వానాకాలంలో పిల్లలు జ్వరంతో, ఫిట్స్‌తో, స్పృహ తప్పి ఆసుపత్రికి వచ్చేవారు, వందల్లో చనిపోయేవారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. 2005లో అది భయంకరంగా వచ్చాక టీకాలు వేశారు. ఆ జబ్బు తగ్గింది, పిల్లల చావులు ఆగలేదు. దోమ కాదు, వైరస్సూ దొరకలేదు. మరి ఏమిటి? దాదాపు పదేళ్ల తర్వాత, చెన్నైలోని జాతీయ అంటువ్యాధుల పరిశోధన సంస్థ వాళ్లు, ఇతరులు వెతికితే, ఆ పిల్లల్లో సగానికి పైగా స్క్రబ్ టైఫస్ ఆనవాళ్లు కనబడ్డాయి. అది మన ఎలుకల టైఫస్‌కు దగ్గరి చుట్టం. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి లాంటి పురుగు పిల్ల కుడితే వస్తుంది. మెదడు మీదికి ఇంకా తేలిగ్గా వెళుతుంది. దానికీ మందు అదే. పల్లె ఆరోగ్య కేంద్రంలోనే జ్వరం వచ్చిన తొలి రోజుల్లో ఆ చవక మందు ఇవ్వాలని ఆ తర్వాత ఆదేశాలు వచ్చాయి. అంతవరకూ పోయిన పిల్లల తల్లిదండ్రులు కూలీలు, చిన్న రైతులు.

మన పక్కనే ఉన్న వెల్లూరు గురించి కూడా చెప్పాలి. 1900లో ఐడా స్కడ్డర్ అమ్మగారు ఒక్క మంచంతో మొదలుపెట్టిన క్రైస్తవ వైద్యశాల అది. అక్కడి డాక్టర్లు ఏళ్ల తరబడి స్క్రబ్ టైఫస్ మీద పనిచేశారు. ముదిరిన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరం ద్వారా ఇస్తే ఏ ఒక్కటీ విడిగా ఇచ్చినదానికంటే మేలని, మన దేశంలోని ఎన్నో ఆసుపత్రులను కలుపుకుని చేసిన పరీక్షలో చూపించారు. 2023లో ప్రపంచమంతా చదివే వైద్య పత్రికలో అది వచ్చింది. దాన్ని మనం స్వస్థత పరిచర్య అంటామా, అనమా? మేం అంటాం.

ఇది పేద దేశాల జబ్బే కదా అనుకోకండి. 2018లో అమెరికాలో లాస్ ఏంజలస్ నగరం నడిబొడ్డున, ఇళ్లు లేక ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ల మధ్య ఇదే జ్వరం పాకింది. 2022లో ఆ కౌంటీలో ముగ్గురు చనిపోయారు. దేశం ఏదైనా ఎలుకలు, చెత్త, ఇల్లు లేని మనిషి ఒకచోట చేరితే చాలు. ఇంగ్లీషువాళ్లు ఏలిన కాలంలో మలయాలో దీన్ని ‘షాపు టైఫస్’ అనేవారు, దుకాణాల్లో, పట్టణాల్లో వస్తుందని.

మన నగరంలో ఎవరు ఎలుకల మధ్య ఉంటున్నారు? మండీ హమాలీలు. చెత్త ఆటోల్లో ఎక్కించి దించేవాళ్లు. తెల్లారకముందే చీపురు పట్టే పౌరకార్మికులు. వాళ్లలో ఎంతమంది మన తెలుగువాళ్లో, మన సంఘాల్లో ఎంతమంది అక్కలు ఆదివారం ఆ పని ముగించుకుని స్నానం చేసి ఆరాధనకు వస్తారో మీకు వేరే చెప్పాలా? వాళ్లకిచ్చిన చేతి తొడుగులు వారానికే చిరుగుతాయి. కాళ్లకు బూట్లు కాగితం మీద ఉంటాయి.

1700లో ఇటలీలో రమజ్జీని అనే డాక్టరు పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాశాడు. రోగిని అడిగే ప్రశ్నల్లో ‘నువ్వేం పని చేస్తావు’ అన్నది కూడా చేర్చండి అన్నాడు. మూడు వందల ఏళ్లు దాటాయి. మన అన్న కేసు షీటులో వయసుంది, మతముంది, ఫోను నంబరుంది. వృత్తి దగ్గర ‘కూలీ’ అని ఉంది, అంతే. ఏ కూలీ? మట్టి కూలీయా, మండీ కూలీయా? ఆ మండ్య అబ్బాయి అడిగిన ఒక్క ప్రశ్న మిగతా స్కానింగులన్నిటికంటే ఎక్కువ పని చేసింది.

ఆ ప్రశ్నకు ఇంకో ఉపయోగం కూడా ఉంది, దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాం. పని వల్ల వచ్చే జబ్బులకు నష్టపరిహారం ఇవ్వాలని మన చట్టంలో ఉంది. ఆ జబ్బుల జాబితాలో, అంటు సోకే ప్రమాదం ప్రత్యేకంగా ఉన్న పనుల్లో వచ్చే అంటురోగాలు కూడా ఉన్నాయి. ఈ.ఎస్.ఐ. ఉన్నవాళ్లకు జబ్బు సెలవు కాలానికి జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు వస్తుంది. ఇవన్నీ రావాలంటే కాగితం మీద రెండు మాటలుండాలి: జబ్బు పేరు, పని పేరు. డిశ్చార్జి కాగితంలో ‘జ్వరం, తగ్గింది’ అని రాసిస్తే దాంతో ఏ ఆఫీసు గుమ్మమూ ఎక్కలేం. మన అన్నకు జబ్బు పేరు రాసిచ్చారు. యజమాని పేరు దగ్గరే ఆగిపోయాం. మూటకింత అని కూలి తీసుకునేవాడికి కాగితం మీద యజమాని లేడు. దుకాణదారు మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ దుకాణదారుని చూపిస్తాడు. అర్జీ పెట్టాం, ఇంకా తిరుగుతున్నాం. ఈ పనిలో లా చదివే పిల్లలు ఎవరైనా చేయి కలిపితే సంతోషిస్తాం.

ఎలుకల మందు పెడితే సరిపోదా అని మండీలో మమ్మల్ని అడిగారు. ముందు అదే చేస్తే నష్టం. ఎలుక చస్తే దాని మీది ఫ్లీలు చల్లబడిన ఒంటిని వదిలి వెచ్చటి ఒళ్లు వెతుక్కుంటాయి, దగ్గరలో ఉన్నది మనమే. ముందు బొరియల్లో, గోడల వెంట ఫ్లీలు చచ్చే పొడి చల్లాలి, తర్వాతే ఎలుకల పని పట్టాలి. 1940లలో అమెరికాలో ఏటా వేల మందికి వస్తున్న ఈ జ్వరాన్ని అలాగే అణచారు. అది నగరపాలకులు, గోదాము యజమానులు కలిసి చేయాల్సిన పని. హమాలీ ఇంట్లో బోను పెట్టుకుంటే తీరేది కాదు. పెంపుడు కుక్కలు, పిల్లులు ఉంటే వాటి ఒంటి పురుగులు కూడా చూసుకోండి.

ఇక ప్రార్థన సంగతి. మీలో కొందరి ముఖాలు చూస్తుంటే ఈ ప్రశ్నే ఉందనిపిస్తోంది. మేం ప్రార్థన మానలేదు, మానమని ఎవరికీ చెప్పడం లేదు. యాకోబు పత్రికలో రోగికి నూనె రాసి ప్రార్థించమని పెద్దలకు ఉంది. మంచి సమరయుడు కూడా గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు. తర్వాత? గాడిద మీద ఎక్కించుకుని సత్రానికి తీసుకువెళ్లాడు, ఖర్చుకు రెండు దేనారాలు ఇచ్చాడు, మళ్లీ వస్తానన్నాడు. మేం నూనె దగ్గర ఆగిపోయి గాడిదను మరిచిపోయాం. అందుకని మా కూటంలో ఒక మాట పెట్టుకున్నాం. జ్వరంతో ఉన్న మనిషి మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా, ప్రార్థన ఆటోలోనే. ఆటో డబ్బుకు ఒక డబ్బా పెట్టాం. వెళ్లినవాళ్లలో ఒకరు డాక్టరుకు నాలుగు సంగతులు చెప్పాలి: జ్వరం ఎన్నో రోజు, మతి ఎప్పుడు తప్పింది, ఏ పని చేస్తాడు, పనిచోట, ఇంట్లో ఎలుకలున్నాయా. ‘టైఫస్ కావచ్చా సార్?’ అని వినయంగా అడగడంలో తప్పు లేదు. కొందరు కసురుకుంటారు. ఒకసారి మమ్మల్నీ కసిరారు, ‘మీరు డాక్టర్లా’ అని. కాదన్నాం. పక్కనే నిలబడ్డాం. కాసేపటికి ఆయనే మందు రాశారు.

ఆ నాలుగు సంగతులూ కన్నడంలో, తెలుగులో అచ్చువేసిన చీటీలు బయట బల్ల మీద ఉన్నాయి. మీ సంఘాలకు పట్టుకెళ్లండి. తమిళంలో వేయించడానికి హోసూరు తమ్ముళ్లు ఒప్పుకున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. మేం చెప్పిన అన్న కూడా వచ్చాడు, వెనక వరుసలో భార్యతో కూర్చున్నాడు. ఆయనను అడగాలనుకుంటే కుడివైపుకి వెళ్లి అడగండి. ఎడమ చెవి ఇంకా సరిగా వినబడదు.